గాజు కప్పు కింద అరటి: చలిదేశాల పెంపకం, ఆకు పరీక్షల చరిత్ర

అరటి పెరుగుదల అంతా వెచ్చదనం మీద ఆధారపడి ఉంటుంది. 26 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య వారానికో ఆకు చొప్పున వేసే మొక్క, 16 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి కొత్త ఆకు వేయడం దాదాపు మానేస్తుంది. ఇంకా చల్లబడితే కణజాలం దెబ్బతింటుంది. మంచు గడ్డకట్టిన రాత్రి ఒక్కటి చాలు, ఆకులన్నీ నల్లబడి వాలిపోవడానికి. పైకి చెట్టులా కనిపించినా అరటికి కట్టె లేదు. కాండంగా కనబడేది ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న దొప్పల దొంతర. అసలు కాండం నేలలోని దుంప. ఆకురాల్చు చెట్లలా ఆకులు వదిలేసి శీతాకాలమంతా నిద్రపోయే ఏర్పాటు ఈ మొక్కకు లేదు. ఆగ్నేయాసియా, న్యూగినీ ప్రాంతాల్లో పుట్టి, అక్కడే వేల ఏళ్ల కిందట మనిషి చేతికి వచ్చిన మొక్క ఇది. పాపువా న్యూగినీలోని కుక్ చిత్తడినేలలో సుమారు 7,000 ఏళ్లనాటి అరటి సాగు ఆనవాళ్లు దొరికాయి. ఇలాంటి మొక్కను ఏడాదిలో సగం రోజులు చలి ఉండే యూరప్‌లో బతికించాలన్న పట్టుదల మూడు శతాబ్దాలుగా సాగుతోంది. ఆ ప్రయత్నంలోనే తోటమాలులు అరటి ఆకును చూసి మొక్క పరిస్థితి తెలుసుకోవడం నేర్చుకున్నారు.

పండు ముందు, మొక్క తర్వాత

ఉత్తర యూరప్ వాసులకు అరటి మొదట పండుగానే పరిచయమైంది. లండన్‌లోని స్నో హిల్ వీధిలో మందుల దుకాణం నడిపే థామస్ జాన్సన్‌కు 1633 ఏప్రిల్‌లో బెర్ముడా నుంచి వచ్చిన ఒక అరటి గెల అందింది. దాన్ని ఆయన దుకాణంలోనే వేలాడదీశాడు. పచ్చి కాయలు మే నెల మొదట్లో పండి, జూన్ దాకా నిలిచాయి. అదే ఏడాది ఆయన పరిష్కరించి వెలువరించిన జెరార్డ్ మూలికా గ్రంథంలో ఆ గెల బొమ్మ చేరింది. గెల ఓడలో రాగలిగింది కాని, పిలకను తెచ్చి బతికించడానికి ఇంగ్లండ్‌లో అప్పటికి వేడి గదులు లేవు.

ఆ గదులు బాగా అభివృద్ధి చెందింది హాలండ్‌లో. తూర్పు, పడమటి సముద్రాల మీద వర్తకం సాగించిన డచ్చి వారికి ఉష్ణదేశాల మొక్కలు తేలిగ్గా దొరికేవి. ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు వ్యాపారి జార్జ్ క్లిఫర్డ్‌కు హార్లెం దగ్గర హార్టెకాంప్ అనే ఎస్టేటు ఉండేది. అక్కడ ఖండాలవారీగా మొక్కలు ఉంచిన వేడి గదులు కట్టించాడు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1735లో ఆ తోట బాధ్యత తీసుకున్నాడు. 1736 తొలి నెలల్లో అక్కడి అరటి పూసింది. హాలండ్‌లో అరటి పూయడం అదే మొదటిసారి. లిన్నేయస్ ఆ ఏడాదే దాని గురించి ‘మూసా క్లిఫోర్షియానా’ అనే చిన్న పుస్తకం రాశాడు. ఒకే మొక్కకు పూర్తి గ్రంథం కేటాయించిన తొలి శాస్త్ర రచనల్లో అది ఒకటి.

పూయించిన పద్ధతి సూటిగా ఉంది. సారవంతమైన మట్టిలో, వేళ్లకు చోటు ఇచ్చి మొక్కను నాటారు. కొన్ని వారాలు నీళ్లు ఆపారు. ఆ తర్వాత ఒక్కసారిగా ఉష్ణదేశపు వానాకాలంలా ధారాళంగా పోశారు. అంతకుముందు పెంపకందార్లు వెచ్చదనం ఒక్కదాని మీదే దృష్టి పెట్టారు. నీరు ఎప్పుడు పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వేడి అంత ముఖ్యమని హార్టెకాంప్ అనుభవం చూపింది. చలికాలపు అరటికి ఈ సూత్రం నేటికీ వర్తిస్తుంది.

వేడి పుట్టించే మార్గాలు

తొలి వేడి గదుల్లో పొయ్యిలు గాలిని వేడెక్కించేవి. నేల మాత్రం చల్లగానే ఉండేది. అరటికి ఇది సరిపడదు. ఆకు వేడిగాలిలో ఉండి నీరు కోల్పోతుంది, చల్లటి మట్టిలో ఉన్న వేరు ఆ నీటిని భర్తీ చేయలేదు. ఫలితంగా మట్టి తడిగా ఉన్నా ఆకు అంచులు ఎండిపోతాయి. పొయ్యి గొట్టాల పగుళ్ల నుంచి పొగ లోపలికి వస్తే ఆ నష్టం ఇంకా పెరిగేది.

దీనికి తొలి పరిష్కారం తోళ్ల పరిశ్రమ నుంచి వచ్చింది. తోలు పదును చేశాక మిగిలిన ఓక్ బెరడు పొట్టును గోతుల్లో నింపితే అది నెమ్మదిగా పులిసి నెలల తరబడి వేడిని ఇస్తుంది. కుండీలను ఆ పొట్టులో పాతిపెడితే వేళ్లు వెచ్చగా ఉంటాయి. హాలండ్‌లో అనాస కోసం వాడిన ఈ పద్ధతి 18వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లండ్ చేరింది. చెల్సీ ఔషధ వనం పర్యవేక్షకుడు ఫిలిప్ మిల్లర్ 1731లో వెలువరించిన తోటమాలుల నిఘంటువు ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది.

19వ శతాబ్దంలో వేడినీటి గొట్టాలు వచ్చాక పరిస్థితి మారింది. బాయిలర్ బయటే ఉంటుంది కనుక గదిలోకి పొగ రాదు, వేడి రాత్రంతా ఒకే తీరుగా నిలుస్తుంది. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో రద్దు కావడంతో గాజు ఇళ్లు సంపన్నుల ఎస్టేట్లు దాటి నర్సరీలకూ పట్టణ ఉద్యానాలకూ విస్తరించాయి.

ఛాట్స్‌వర్త్ అరటి

గాజు ఇంట్లో పెరిగిన అరటి మొక్కల్లో లోకం మీద అన్నిటికన్నా ఎక్కువ ముద్ర వేసింది ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న ఛాట్స్‌వర్త్ మొక్క. డెవన్‌షైర్ ఆరవ డ్యూక్ విలియం కావెండిష్ దగ్గర జోసెఫ్ పాక్స్‌టన్ 1826 నుంచి ప్రధాన తోటమాలి. దక్షిణ చైనా మూలం గల ఒక పొట్టి అరటి మారిషస్‌లోని చార్లెస్ టెల్ఫేర్ ద్వారా ఇంగ్లండ్‌కు వచ్చింది. అది చేతులు మారి పాక్స్‌టన్‌కు చేరింది. పొడవాటి అరటి రకాలు గాజు కప్పును తాకి ఇబ్బంది పెట్టేవి, ఈ పొట్టి రకానికి ఆ చిక్కు లేదు.

పాక్స్‌టన్ దానికి బాగా మాగిన ఎరువు కలిపిన గరప మట్టి, పుష్కలంగా నీరు ఇచ్చి, గదిని సుమారు 18 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాడు. 1835 నవంబరులో, అంటే ఇంగ్లండ్ చలికాలం మొదట్లో, మొక్క పూసింది. 1836 మే నాటికి గెలలో నూరుకు పైగా కాయలు ఉన్నాయి. హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో ఆ అరటికి పతకం దక్కింది. యజమాని ఇంటిపేరే ఆ రకానికి స్థిరపడింది.

మిషనరీ జాన్ విలియమ్స్ 1838లో పసిఫిక్ ద్వీపాలకు బయలుదేరినప్పుడు ఛాట్స్‌వర్త్ పిలకలను గాజు పెట్టెలో వెంట తీసుకెళ్లాడు. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ రూపొందించిన ఆ మూసిన పెట్టెలో మొక్క వదిలిన తేమ లోపలే తిరుగుతూ ఉంటుంది కాబట్టి నెలల ప్రయాణంలోనూ ఎండిపోదు. సమోవాకు చేరి బతికిన మొక్క నుంచి పిలకలు పుట్టి, తోంగా, ఫిజీ ద్వీపాలకు పాకాయి. ఇవాళ ప్రపంచంలో పండే అరటిలో దాదాపు సగం, ఎగుమతి అయ్యేదాంట్లో దాదాపు మొత్తం కావెండిష్ వర్గానిదే. అనంతపురం, కడప జిల్లాల్లో సాగయ్యే గ్రాండ్ నైన్, కోస్తాలో తెలిసిన పొట్టి పచ్చ అరటి కూడా ఈ వర్గానివే. అయితే ఈ వర్గంలోని రకాలన్నీ ఛాట్స్‌వర్త్ మొక్క సంతతి కావు, ఆసియాలో అవి అంతకు ముందే ఉన్నాయి.

అరటి కాయలు కాసిన 1836లోనే పాక్స్‌టన్ ‘గ్రేట్ స్టవ్’ అనే భారీ గాజు ఇంటి నిర్మాణం మొదలుపెట్టాడు. సుమారు 84 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తుతో, ఎనిమిది బాయిలర్లు, 11 కిలోమీటర్ల గొట్టాలతో అది నడిచేది. బొగ్గు లేనిదే దానికి మనుగడ లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బొగ్గు కరువై వేడి ఆగిపోగా లోపలి మొక్కలు చచ్చిపోయాయి. 1920లో కట్టడాన్నే కూల్చేశారు.

వెలుతురు కొరత

వేడి సమస్య తీరాక తోటమాలులకు ఎదురైంది వెలుతురు సమస్య. ఇందులో జరిగిన పొరపాటుకు లండన్ క్యూ ఉద్యానంలోని పామ్ హౌస్ సాక్ష్యం. 1844 నుంచి 1848 వరకు కట్టిన ఆ భవనానికి మొదట ఆకుపచ్చ ఛాయ ఉన్న గాజు బిగించారు. తెల్లగాజు గుండా పడే ఎండకు ఉష్ణదేశపు ఆకులు మాడిపోతాయన్న భయం దానికి కారణం. వాస్తవంలో లండన్ బొగ్గు పొగ, శీతాకాలపు మబ్బు కలిసి వెలుతురును ముందే తగ్గించేవి. 19వ శతాబ్దం చివర్లో ఆ గాజును వదిలి తెల్లగాజు వేశారు. వేడి తగినంత ఉండి వెలుతురు తగ్గితే అరటి పెరగడం ఆపదు. పొడవాటి కాడలతో, పలచటి పాలిపోయిన ఆకులు వేస్తూ దుంపలోని నిల్వను ఖర్చు చేసుకుంటుంది. చలికాలంలో వెలుతురు ఎంత తక్కువైతే వేడి, నీరు, ఎరువు కూడా అంత తగ్గించాలన్న నియమం ఈ అనుభవం నుంచి వచ్చిందే.

ఐస్‌లాండ్ ఉదాహరణ ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపుతుంది. భూగర్భంలో ఉచితంగా దొరికే వేడినీటితో అక్కడ 1940 దశకంలో గాజు ఇళ్లలో అరటి పెంచారు. వేడికి లోటు లేదు. అయినా ఆర్కిటిక్ వలయానికి చేరువలో వెలుతురు చాలక గెల చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టేది. దిగుమతి పండు చౌకయ్యాక వ్యాపార సాగు నిలిచిపోయింది. హ్వెరగెర్ది పట్టణం దగ్గరి రేకిర్ వ్యవసాయ విద్యాకేంద్రంలో మాత్రం ఆ తోట కొనసాగుతోంది.

వేసవిలో ఆరుబయట, చలికాలంలో నేలమాళిగలో

19వ శతాబ్దం రెండో భాగంలో అరటిని పండు కోసం కాక ఆకు అందం కోసం పెంచే ఆచారం పుట్టింది. పారిస్ నగర ఉద్యానాలను తీర్చిదిద్దిన బారియే-దెషాం 1860 దశకంలో అరటి, మెట్టతామర, చేమ జాతి మొక్కలను వేసవిలో పార్కుల్లో నాటించాడు. శరదృతువు రాగానే వాటిని తవ్వి తీసి లా ముయెత్‌లోని నగరపాలక గాజు ఇళ్లకు తరలించేవారు. పాక్స్‌టన్ దగ్గర పనిచేసి, మొక్కల సేకరణకు భారతదేశం కూడా వచ్చి వెళ్లిన జాన్ గిబ్సన్ ఈ పద్ధతిని 1864 నాటికి లండన్ బాటర్సీ పార్కులో ప్రవేశపెట్టాడు. విలియం రాబిన్సన్ 1871లో ‘ద సబ్‌ట్రాపికల్ గార్డెన్’ అనే పుస్తకంలో దీన్ని వివరించాడు.

ఈ ఉద్యానాల్లో బాగా రాణించింది ఇథియోపియాకు చెందిన ఎన్సెట్. అది అరటికి దగ్గరి బంధువు. ఆ దేశంలో పర్యటించిన జేమ్స్ బ్రూస్ 1790లో దాన్ని వర్ణించాడు. మసావా రేవులోని బ్రిటిష్ కాన్సల్ వాల్టర్ ప్లౌడెన్ 1853లో పంపిన గింజలు క్యూ ఉద్యానంలో మొలిచి, కొన్నేళ్లలోనే పామ్ హౌస్‌లో పూసేంతగా పెరిగాయి. అరటిలా ఇది మామూలుగా పిలకలు వేయదు. ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. అందుకే ఉన్న మొక్కను చలికాలం దాటించడం తప్పనిసరి అయింది. ఆ అవసరం నుంచి పొడి నిద్ర పద్ధతి రూపుదిద్దుకుంది. తొలి మంచు ముందు మొక్కను తవ్వి, వేళ్ల మట్టి చాలావరకు దులిపి, మొవ్వ ఆకు తప్ప మిగిలినవి కోసి, దొప్పల్లో చేరిన నీరు కారేలా కాసేపు తలకిందులుగా ఉంచి, గడ్డకట్టని చల్లటి నేలమాళిగలో వసంతం దాకా వదిలేస్తారు. ఈ దశలో మొక్కను చంపేది చలి కన్నా తేమ. మొవ్వలో నీరు నిలిస్తే కుళ్లు అక్కడే మొదలై దుంప దాకా దిగుతుంది.

మూడో మార్గం జపాన్‌ది. దక్షిణ చైనా మూలం గల బాషో అరటిని అక్కడ శతాబ్దాలుగా పెరట్లో పెంచుతున్నారు. 17వ శతాబ్దపు కవి బాషోకు ఆ కలం పేరు వచ్చింది శిష్యుడొకరు ఆయన గుడిసె దగ్గర నాటిన ఈ మొక్క వల్లనే. దీని ఆకులు, కాండం మంచుకు పోయినా, మొదలు చుట్టూ గడ్డి కప్పితే దుంప బతికి వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. 19వ శతాబ్దం చివర్లో యూరప్ తోటలకు చేరిన ఈ మొక్క, అరటిని ఇంట్లోకి తేకుండానే చలికాలం దాటించవచ్చని అక్కడివారికి చూపింది. కాయలు తినడానికి పనికిరావు.

తోటల్లో తెగుళ్లు

గాజు ఇళ్ల తోటమాలులకు తెలిసిన ఆకు సమస్యలు చాలావరకు వాతావరణానివే. పురుగుల్లో ముఖ్యమైనవి ఎర్రనల్లి, పిండినల్లి, పేనుబంక. వేడి గొట్టాల దగ్గరి పొడిగాలిలో ఎర్రనల్లి విపరీతంగా పెరుగుతుంది. ఆకు అడుగున సన్నని సాలెగూడు, పైన ఇసుక చల్లినట్టు పాలిపోయిన చుక్కలు దాని గుర్తులు. విక్టోరియా కాలంలో రోజూ ఆకులమీద నీళ్లు చిమ్మేవారు, వేడి గొట్టాలకు గంధకం పూసేవారు, పేనుకు పొగాకు పొగ పెట్టేవారు.

వ్యాధుల జ్ఞానం మాత్రం ఉష్ణదేశాల తోటల నుంచే వచ్చింది. పనామా తెగులును 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ప్రాంతం నుంచి జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్ నమోదు చేశాడు. ఇందులో ముదురు ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి కాండం చుట్టూ వేలాడతాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తాయి. కారణం నేలలోని ఫ్యుజేరియం శిలీంధ్రం అని 1919లో బ్రాండెస్ అనే పరిశోధకుడు రుజువు చేశాడు. ఆ తెగులు గ్రాస్ మిషెల్ రకాన్ని ఎగుమతి తోటల్లోంచి తుడిచిపెట్టాక, 1950-60 దశకాల్లో దాని స్థానంలోకి కావెండిష్ వచ్చింది. తెలుగు జిల్లాల్లో అమృతపాణి ఈ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది.

ఆకుమచ్చ తెగులు 1902లో జావాలో కనబడింది. 1912లో ఫిజీలోని సిగటోకా లోయలో విజృంభించడంతో ఆ పేరే నిలిచింది. 1930 దశకంలో మధ్య అమెరికా తోటలను ముంచెత్తినప్పుడు బోర్డో మిశ్రమం చల్లి అదుపు చేశారు. ఈనెలకు సమాంతరంగా సాగే సన్నని చారలు ముదిరి, బూడిదరంగు నడిమి భాగం గల మచ్చలవుతాయి. ఇంతకన్నా తీవ్రమైన నల్ల సిగటోకా 1963లో ఫిజీలోనే బయటపడింది.

బంచీటాప్ తెగులు కూడా ఫిజీలోనే 1889లో నమోదైంది. కొత్త ఆకులు ఒకదానికన్నా ఒకటి చిన్నవై, ఇరుకై, నిటారుగా తలపై గుత్తిలా చేరతాయి. కాడ మీదా ఈనెల వెంటా ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దీన్ని పేనుబంక మోసే వైరస్‌గా 1920 దశకంలో ఆస్ట్రేలియాలో మాగీ అనే పరిశోధకుడు నిరూపించాడు. 1940 దశకంలో ఇది కేరళకు చేరింది. దీనికి చికిత్స లేదు. మొక్కను దుంపతో సహా తీసి నాశనం చేయడమే మార్గం.

ఆకు వరస చెప్పే సంగతి

వ్యాధి కాని లోపాలను వేరుచేసే పని 20వ శతాబ్దం మధ్యలో జరిగింది. ట్రినిడాడ్‌లో ముర్రే అనే పరిశోధకుడు అరటిని ఇసుకలో పెంచి, ఒక్కో పోషకాన్ని ఆపి చూసి, లక్షణాలను 1959లో ప్రచురించాడు. 1955లో హీవిట్ అనే మరో పరిశోధకుడు మొక్క పోషణను కొలవడానికి పైనుంచి మూడో ఆకును ప్రమాణంగా ప్రతిపాదించాడు. లేత ఆకులో పోషకాలు ఇంకా చేరుతూ ఉంటాయి, ముదురు ఆకు నుంచి తరలిపోతూ ఉంటాయి. మూడో ఆకు ఈ రెంటి మధ్య నిలకడగా ఉంటుంది.

ఆకు రంగు ఒక్కటే చూస్తే చాలా సమస్యలు ఒకేలా ఉంటాయి. ఏ ఆకుకు వచ్చిందన్నది చూస్తే విడిపోతాయి. అరటి ఒక్కో ఆకునే వరసగా వేస్తుంది కనుక ఆకుల క్రమం మొక్క జీవితానికి పంచాంగం లాంటిది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కొరత వస్తే అవి ముదురు ఆకుల నుంచి లేత ఆకులకు తరలిపోతాయి, అందుకే లక్షణం కింద మొదలవుతుంది. నత్రజని తగ్గితే ఆకు మొత్తం లేతాకుపచ్చగా మారి కాడ గులాబీ రంగు తిరుగుతుంది. పొటాష్ తగ్గితే కొన నుంచి నారింజ పసుపు పాకి, ఆకు కొన లోపలికి వంగి ఎండుతుంది. మెగ్నీషియం తగ్గితే అంచూ నడిమి ఈనె పక్కా పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది, కాడపై ఊదా మచ్చలు వస్తాయి. ఇనుము, సున్నం, బోరాన్ తేలిగ్గా కదలవు, కాబట్టి వాటి లోపం కొత్త ఆకులో కనబడుతుంది. ఇనుము లోపిస్తే లేత ఆకు తెల్లబారుతుంది. సున్నం, బోరాన్ లోపిస్తే ఆకు రూపమే చెడుతుంది.

చలి దెబ్బ ఈ రెండు వర్గాలకూ చెందదు. మొవ్వలో ఉండగా చలి తగిలిన ఆకు విచ్చుకున్నాక పాలిపోయిన పట్టీలతో బయటికి వస్తుంది. దానికి ముందు, తర్వాత వచ్చిన ఆకులు బాగానే ఉంటాయి. చలి కొనసాగితే కాడలు పొట్టివై ఆకులన్నీ తలదగ్గర ఇరుక్కుంటాయి, గెల కూడా గొంతులో చిక్కుకుపోతుంది. ఇది బంచీటాప్‌లా కనిపించినా కాడ మీద చుక్కల గీతలు ఉండవు, వెచ్చబడగానే కొత్త ఆకు మామూలుగా వస్తుంది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల వంటి చలిచోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు కరివేపాకుతో పాటు అరటిని కుండీల్లో పెంచి, చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవడం ఇప్పుడు సాధారణం. ఇంట్లో ఎదురయ్యే చిక్కులు పాత గాజు ఇళ్లవే. లోపలికి తెచ్చిన తొలి వారాల్లో ఒకటి రెండు కింది ఆకులు పసుపెక్కి వాలడం తగ్గిన వెలుతురుకు సర్దుబాటు మాత్రమే. ఆకు అంచు గోధుమరంగై పెళుసుగా ఉంటే హీటరు పొడిగాలి, లేదా కుండీలో పేరుకున్న ఎరువు లవణాలు కారణం. మట్టి తడిగా ఉండగానే ఆకులు వాలిపోయి, కాండం మొదలు మెత్తబడితే వేరుకుళ్లు. పొద్దున్నే ఆకు అంచున కనబడే నీటిబొట్లు వేళ్ల ఒత్తిడి వల్ల మొక్క తానే వదిలేవి, రోగం కాదు. ఆకు ఈనెల వెంట చీలడం కూడా రోగం కాదు, గాలికి తట్టుకునే అరటి తీరు అది.

లూవెన్ భాండారం

తినే అరటి రకాల్లో చాలావాటికి గింజలు ఉండవు. అందుచేత ధాన్యాల్లా విత్తన బ్యాంకులో దాచే వీలు లేదు, ప్రతి రకాన్నీ సజీవంగానే నిలపాలి. ఇందుకోసం 1985లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అరటి భాండారం ఏర్పడింది. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన 1,500కు పైగా రకాల చిన్న మొక్కలు అక్కడ గాజు నాళికల్లో ఉన్నాయి. ఉష్ణోగ్రత 16 డిగ్రీలు, వెలుతురు తక్కువ. పెరుగుదల దాదాపు ఆగిపోయినా చలి దెబ్బ తగలని స్థాయి అది. కొన్ని రకాల మొగ్గలను ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దీర్ఘకాలం నిల్వ చేస్తారు. బయటి దేశాలకు పంపే ముందు ప్రతి రకానికీ వైరస్ పరీక్షలు జరుపుతారు. నాళికల్లో ఎక్కువ కాలం ఉన్న మొక్కలు స్వభావం మారి ఉండవచ్చు కనుక, వాటిని గాజు ఇంట్లోనూ పొలంలోనూ తిరిగి పెంచి, అసలు రకానికి సరిపోతున్నాయో లేదో సరిచూస్తారు. ఆ పరిశీలనలో ఆకు రూపం, రంగు, కాడ మీది మచ్చలు ముఖ్యమైన గుర్తులుగా నేటికీ లెక్కలోకి వస్తాయి.